చెవి చెప్పింది సరే, మీటరు ఏమంటోంది?

కొండమల్లేపల్లి దాటానో లేదో బండి ఆగిపోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. దేవరకొండ నుంచి నల్లగొండ పోయే ఆ దారిలో చెట్టు నీడ కావాలంటే వెతుక్కోవాలి. సెల్ఫ్ నొక్కితే కటకటమంటోంది తప్ప ఇంజన్ తిరగడం లేదు. పాత అలవాటు కొద్దీ రెండో గేరులో వేసి నెట్టాను. నా దమ్ము పోయింది, బండి మాత్రం అందుకోలేదు. తోసుకుంటూ వెనక్కి వచ్చి మొదట కనబడిన షెడ్డులో పెట్టాను. అక్కడి మెకానిక్ ప్లగ్గు విప్పి కొత్తది వేశాడు. లాభం లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపాడు. అయినా లాభం లేదు. ఆఖరుకు, ట్యాంకులో పెట్రోల్ పంపు పోయింది, కొత్తది తెప్పించాలి, మూడు వేల దాకా అవుతుందని తేల్చాడు.

మనసొప్పక పక్క షెడ్డుకు తీసుకుపోయాను. యాభై దాటిన మనిషి. బండికి పానా పెట్టకముందే ఆయన మల్టీమీటర్ తీశాడు. బ్యాటరీ మీద పెడితే 12.4 ఓల్టులు చూపింది. "తమ్మీ, సెల్ఫ్ నొక్కు" అన్నాడు. నొక్కాను. బ్యాటరీ దగ్గర పెద్దగా తగ్గలేదు. మీటరు ముల్లును వైరు అవతలి కొసకు జరిపి మళ్లీ నొక్కమన్నాడు. అక్కడ 7కు పడిపోయింది. "బ్యాటరీ మంచిగనే ఉన్నది. నడుమ ఏడనో పట్టు తప్పింది" అన్నాడు. ఎర్త్ వైరు బోల్టు వదులై ఉంది, దాని కింద పచ్చగా చిలుము పట్టింది. సాండ్ పేపర్‌తో గీకి బిగించాడు. ఒక్క నొక్కుకే ఇంజన్ లేచింది. నెడితే ఎందుకు స్టార్ట్ కాలేదో కూడా అప్పుడే చెప్పాడు. కార్బురేటర్ బండికి పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది. ఇంజెక్షన్ బండికి పంపు తిరగాలి, పంపు తిరగాలంటే కరెంటు సరిగ్గా అందాలి.

ఇద్దరి చేతుల్లోనూ పనితనం ఉంది. ఇద్దరూ ఏళ్ల తరబడి పానా పట్టినవాళ్లే. ఒకరు అనుమానం వచ్చిన సామానునల్లా మార్చుకుంటూ పోయారు. ఇంకొకరు ముందు కొలిచి, ఆ తర్వాత చెయ్యి పెట్టారు. నాకు ఆ రోజు మూడు వేలు మిగిలాయి. అంతకంటే విలువైన పాఠం ఒకటి దొరికింది.

ఆ ఇద్దరినీ విడదీసిన తేదీ ఒకటుంది: 2020 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి దేశంలో బీఎస్6 కాలుష్య నిబంధనలకు సరిపోయే బండ్లే అమ్మాలి. బీఎస్4 నుంచి మధ్యలో ఐదో మెట్టు ఎక్కకుండా నేరుగా ఆరుకు పోవాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. పొగ లెక్కలు ఎంత బిగిశాయంటే, మామూలు కార్బురేటర్‌తో వాటిని అందుకోవడం కష్టమైపోయింది. 2006లో హీరో హోండా 'గ్లామర్ ఎఫ్ఐ' తెచ్చినప్పుడు 125 సీసీ బండికి ఇంజెక్షన్ ఏమిటని జనం వింతగా చూశారు. 2020 వచ్చేసరికి స్ప్లెండర్, యాక్టివా సరే, ఊళ్లలో పాలక్యాన్లూ కూరగాయల మూటలూ మోసే టీవీఎస్ ఎక్స్ఎల్ 100 కూడా ఇంజెక్షన్ బండి అయింది. మిర్యాలగూడ నుంచి నారాయణపేట దాకా రోడ్డు పక్క షెడ్లలో, స్క్రూడ్రైవర్‌తో, చెవితో ఇంజన్ పలుకు సరిచేసిన వేలమంది ముందు ఎన్నడూ చూడని పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది.

మీరు మెకానిక్ కాకపోవచ్చు. టైలర్ కావచ్చు, అకౌంటెంట్ కావచ్చు, బడిలో పాఠాలు చెబుతూ ఉండవచ్చు. మీ పనిలోనూ అలాంటి తేదీ ఒకటి వచ్చే ఉంటుంది. రాకపోతే రేపు వస్తుంది. అందుకే ఈ చిన్న ఇంజన్ సంగతి కాస్త వివరంగా తెలుసుకోండి. ఇది మీ పనికీ పనికొస్తుంది.

కార్బురేటర్‌లో కరెంటు లేదు, లెక్కలు లేవు. ఇంజన్ పీల్చే గాలి ఇరుకు గొంతులోంచి పోయేటప్పుడు వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ లాగుడుకు ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు జెట్‌లోంచి పైకి చిమ్ముతుంది. వందేళ్లకు పైగా లోకాన్ని నడిపిన గొప్ప ఉపాయం అది. అయితే పొద్దున చలికీ మధ్యాహ్నం ఎండకూ తేడా దానికి పట్టదు. పాలమూరు పట్టణమే సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కి అమ్రాబాద్ వైపు పోతే ఇంకా ఎత్తు, గాలి ఇంకా పలుచన. జెట్టు మాత్రం అదే జెట్టు. ఆ లోటు తీర్చింది మెకానిక్ చెవి. ఎయిర్ స్క్రూ పావు చుట్టు బిగించి, పావు చుట్టు వదిలి, ఐడిల్ కుదిరేదాకా వినేవాడు. కార్బురేటర్‌కు మెదడు ఆయనే.

ఇంజెక్షన్‌లో ఆ మెదడు ఈసీయూ అనే పెట్టెలోకి పోయింది. ట్యాంకులోని పంపు పెట్రోలును దాదాపు 3 బార్ల ఒత్తిడితో, అంటే మీ టైరులో ఉండే గాలికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో, ఇంజెక్టర్ దాకా తోస్తుంది. గాలి ఎంత వేడిగా ఉంది, ఎంత ఒత్తిడితో వస్తోంది, ఇంజన్ ఎంత కాగింది, మీరు యాక్సిలరేటర్ ఎంత తిప్పారు, క్రాంకు ఇప్పుడు ఏ మూలన ఉంది అనేవన్నీ సెన్సార్లు చెబుతూ ఉంటాయి. ఒక 100 సీసీ ఇంజన్ నిండుగా ఒక్క గుటక గాలి పీల్చితే దాని బరువు సుమారు 0.11 గ్రాములు. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. లెక్కవేస్తే గుటకకు ఏడున్నర మిల్లీగ్రాముల పెట్రోలు, నీటి బొట్టులో ఏడో వంతు. ఐడిల్‌లో 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు పన్నెండు సార్లు చిమ్మాలి. చిమ్మిన ప్రతిసారీ ఇంజెక్టర్ తెరుచుకుని ఉండేది రెండు మిల్లీసెకన్లు, కాస్త అటూ ఇటూ.

ఆ రెండు మిల్లీసెకన్లు ఎవరి చెవికీ వినబడవు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నా వినబడవు. ఇది ఒప్పుకోవడమే మొదటి పని, నిజంగా కష్టమైన పనీ ఇదే. మనిషి తనకు గౌరవం తెచ్చిన నైపుణ్యాన్నే అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటాడు. 'ఆయన చెవి పెడితే రోగం తెలిసిపోతది' అని నలుగురూ అన్న మనిషికి, 'నాకు వినబడతలేదు' అనడం అవమానంగా తోస్తుంది. అక్కడే చాలామంది ఆగిపోతారు. ఎఫ్ఐ బండి రాగానే 'షోరూంకు పట్టుకపో' అంటారు. షోరూంకు పంపిన ప్రతి బండితోపాటు ఒక పాఠం కూడా పోతుంది.

చెవిని పారేసుకోమని నేను అనడం లేదు. ఈసీయూకు తెలియనివి ఎన్నో ఉన్నాయి. ట్యాపెట్ వదులైతే దానికి తెలియదు. టైమింగ్ చైన్ సాగి గరగరమంటే దానికి తెలియదు. పిస్టన్ రింగులు అరిగి నీలిపొగ వస్తుంటే ఆ పొగను అది చూడలేదు. అవన్నీ కనిపెట్టేది అనుభవమే. పాత విద్యకు కొలతను జోడించమనే నా మాట. ముప్పై ఏళ్ల చెవికి ఒక మల్టీమీటర్ తోడైతే ఆ మనిషికి నిన్నగాక మొన్న కోర్సు చేసి వచ్చినవాడు సాటిరాడు.

జోడించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? బండి తనంతట తాను చెప్పే మాటను చదవడంతో. మీటరు బోర్డు మీద పసుపు లైటు ఊరికే వెలగదు. హోండా ఎఫ్ఐ బండ్లలో అది మిణుకుల్లో మాట్లాడుతుంది. పొడుగు మిణుకు పదికి లెక్క, పొట్టి మిణుకు ఒకటికి. ఎనిమిది పొట్టి మిణుకులు వస్తే థ్రాటిల్ సెన్సార్ వైపు చూడాలి. రెండు పొడుగు, ఒక పొట్టి వస్తే 21, అంటే ఆక్సిజన్ సెన్సార్ వైపు. ఇక్కడే చాలామంది జారిపడతారు. కోడు వచ్చింది కదా అని సెన్సార్ కొని తగిలిస్తారు. కోడు చెప్పేది ఏ దారిలో తేడా వచ్చిందనే. దోషి ఎవరో చెప్పదు. ఆ దారిలో సెన్సార్ ఉంది, వైరు ఉంది, కప్లర్ ఉంది, ఎర్త్ ఉంది. సర్వీసింగ్‌లో నీళ్లు కొట్టినప్పుడు కప్లర్‌లో తడి చేరినా అదే కోడు రావచ్చు. ముందు కప్లర్ విప్పి చూడండి. తర్వాత వైరు కొలవండి. సామాను ఆఖరున మార్చండి.

మనుషుల విషయంలోనూ ఇదే తప్పు చేస్తాం. పిల్లవాడికి మార్కులు తగ్గితే పిల్లవాడినే తప్పుపడతాం. మధ్యలో ఏ వైరు వదులైందో, బడి మారిందా, కంటిచూపు తగ్గిందా, ఇంట్లో పోరు ఉందా అని చూడం.

తెలియనప్పుడు 'తెలియదు' అనడం నేర్చుకోండి. 'అన్నా, ఈ కోడు నేను ముందు చూడలే. రేపు పొద్దుగాల చూసి చెప్త' అన్న మెకానిక్ దగ్గరికి గిరాకీ మళ్లీ వస్తుంది. తెలిసినట్టు నటించి మూడు సామాన్లు మార్చినవాడి దగ్గరికి రాదు. మీ దగ్గర పనిచేసే ఐటీఐ కుర్రాడికి స్కానర్ పట్టడం మీకంటే బాగా వస్తే వాడి పక్కన కూర్చోండి. "తమ్మీ, గీ అంకె ఏంది?" అని అడగండి. వాడికి మీరు ఇంజన్ కూత నేర్పండి, వాడు మీకు అంకెలు నేర్పుతాడు. వాడు మిమ్మల్ని తక్కువగా చూడడు. అడిగిన గురువును శిష్యుడు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు.

ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ చదివే పిల్లలకు ఒక ప్రత్యేకమైన మాట. ప్రాజెక్టు పేరుతో ఎక్కడో తయారైన రిపోర్టు కొని తేవద్దు. ఒక చిన్న కార్బురేటర్ ఇంజన్‌ను మీ చేతులతో ఇంజెక్షన్‌కు మార్చండి. రోడ్డు మీద తిరిగే బండిని మాత్రం ముట్టుకోవద్దు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. మూలనపడ్డ జనరేటరో, బావి దగ్గర నీళ్లు తోడిన పాత ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ పంపుసెట్టో చాలు. ఈసీయూ కోసం లక్షలు అక్కర్లేదు. ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే 'స్పీడుయినో' అనే ఈసీయూ ఉంది. దాని డ్రాయింగులూ ప్రోగ్రామూ ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు.

అయితే పెట్టె తగిలించే ముందు పాత ఇంజన్ ఆరోగ్యం చూడండి. కంప్రెషన్ ఉందా? వాల్వు సందు సరిగ్గా ఉందా? ఇన్‌టేక్ దగ్గర గాలి లీకవుతోందా? జబ్బుపడ్డ ఇంజన్‌కు కొత్త ఈసీయూ మందు కాదు. దొంగగాలి పీల్చే ఇంజన్‌కు ఎన్ని సెన్సార్లు పెట్టినా లెక్క కుదరదు. తర్వాత కరెంటు. పాత ఇంజన్లలో మ్యాగ్నెటో ప్లగ్గుకు నిప్పు ఇస్తే చాలు. ఇప్పుడు పంపు తిరగాలి, ఈసీయూ నిలకడగా ఉండాలి. బ్యాటరీ, దానికి చార్జింగ్, రెగ్యులేటర్ లేనిదే ఒక్క అడుగు ముందుకు పడదు. తర్వాత ఈసీయూకు క్రాంకు ఎక్కడుందో చెప్పే పళ్ల చక్రం. పన్నెండు పళ్లలో ఒకటి తీసేస్తే ఆ ఖాళీ సెన్సార్ ముందుకు వచ్చినప్పుడల్లా ఒక చుట్టు మొదలైందని ఈసీయూకు తెలుస్తుంది. ఇక పైపుల సంగతి ప్రాణాల మీది మాట. కార్బురేటర్‌కు వాడిన మెత్తటి పైపు 3 బార్ల ఒత్తిడికి చిట్లి, కాగిన సైలెన్సర్ మీద పెట్రోలు చిమ్ముతుంది. ఇంజెక్షన్‌కు పనికొచ్చే పైపూ క్లిప్పులే వాడండి. పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకోండి. దీంట్లో బేరం లేదు.

ఇంజన్ లేచాక అసలు చదువు మొదలవుతుంది. స్పీడుయినోలో పెట్రోలు లెక్క ఒక పట్టికగా ఉంటుంది. అడ్డంగా 16 గళ్లు ఇంజన్ వేగానికి, నిలువుగా 16 గళ్లు దాని మీద పడే బరువుకు. మొత్తం 256 గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఆత్రపడే పిల్లలు ఒకేసారి ఇరవై గళ్లు మార్చేస్తారు, ప్లగ్గు మారుస్తారు, టైమింగ్ కూడా జరుపుతారు. ఇంజన్ బాగుపడినా చెడినా ఏది చేస్తే అలా అయిందో ఇక తెలియదు. ఒక గడి మార్చండి. ఆక్సిజన్ సెన్సార్ ఏమంటోందో చూడండి. నోటుబుక్కులో రాయండి. పాత పట్టిక కాపీ దాచుకోండి. తర్వాతే పక్క గడికి పోండి. పెట్రోలు కొంచెం ఎక్కువ వైపు నుంచే మొదలుపెట్టండి. ఎక్కువైతే పొగ వస్తుంది, తక్కువైతే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పొగను సరిచేసుకోవచ్చు, పట్టేసిన పిస్టన్‌కు డబ్బులు కట్టాలి.

ఒకసారికి ఒకటే. ఈ మాట చెప్పడానికి నాకు మన గడ్డ మీదే ఒక మనిషి ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేట, అప్పటి నల్లగొండ జిల్లా. చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేసి మగ్గంలోకి దిగారు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే కొయ్య మేకుల చుట్టూ నూలు తిప్పుతూ చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు 18,000 సార్లు. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. అమ్మ చెయ్యి చేసే కదలికలను ఒక్కొక్కటిగా విడదీసి, ఒకటి సాధించాకే ఇంకోటి పట్టుకున్నారు. డబ్బు అయిపోతే హైదరాబాద్ పోయి కూలిపని చేసి, కూడబెట్టి మళ్లీ పనిలో కూర్చున్నారు. ఆఖరి కదలిక అంతుబట్టక ఆగినప్పుడు, బాలానగర్‌లో పనికి పోయినచోట ఒక యంత్రం ఆడే తీరు చూస్తుంటే దారి తట్టింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. ఏడేళ్లు పట్టింది. దానికి 'లక్ష్మి' అని అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథలో నన్ను ఎక్కువగా కదిలించేది పద్మశ్రీ కాదు. అమ్మ చెయ్యి ఎన్నిసార్లు ఆడుతుందో లెక్కపెట్టగలిగిన చూపు. బాధను కళ్లారా చూసినవాళ్లు లక్షలమంది ఉన్నారు. లెక్కపెట్టి చూసినవాళ్లు తక్కువ.

ఆక్సిజన్ సెన్సార్ గురించి ఇంకొక్క మాట. సైలెన్సర్ బెండులో కూర్చుని, కాలిపోయిన గాలిని చూసి 'పెట్రోలు ఎక్కువైంది', 'తక్కువైంది' అని రెండే మాటలు చెబుతుంది. ఎక్కువైతే 0.9 ఓల్టు దగ్గర, తక్కువైతే 0.1 దగ్గర. తిట్టు లేదు, పొగడ్త లేదు. ఈసీయూ వెంటనే మోతాదు సవరిస్తుంది. బంకులో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు గాలి లెక్క కొంచెం మారుతుంది కదా, ఆ తేడానూ ఇలాగే చాలావరకు సర్దుకుంటుంది. కానీ సుమారు 300 డిగ్రీల వేడి ఎక్కేదాకా ఆ సెన్సార్ పలకదు. అప్పటిదాకా ఈసీయూ పట్టికనే నమ్మి నడుస్తుంది. కొత్త పని నేర్చేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. మొదటి నెలలో పుస్తకం చెప్పినట్టే చేయండి, సొంత పోకడలు వద్దు. చెయ్యి వేడెక్కాక గిరాకీ మాట వినడం మొదలుపెట్టండి. 'బండి తిరిగిచ్చాక మైలేజ్ ఎంతొచ్చింది, పొద్దున స్టార్టింగ్ ఎట్లుంది?' అని వారం తర్వాత ఫోన్ చేసి అడిగే మెకానిక్‌ను నేను ఇంతవరకు ఒక్కరినే చూశాను. ఆయన షెడ్డు ముందు ఎప్పుడూ బండ్ల వరుస ఉంటుంది.

'పాలమూరు లేబర్' అన్న పేరు దేశమంతా విన్నది. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మన పాలమూరు చేతులు అక్కడ మట్టి మోశాయి. ఆ కష్టానికి చేతులెత్తి మొక్కుతాను. వాళ్ల పిల్లల చేతుల్లోకి ఇప్పుడు మల్టీమీటర్ రావాలన్నది నా గట్టి కోరిక. దారి లేదని అనుకోవద్దు. తెలంగాణలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2024లో మొదలైంది. మోటార్ మెకానిక్ ట్రేడు ఐటీఐల్లో రెండేళ్ల కోర్సు. మీ దగ్గరలోని ఐటీఐకి ఒకసారి పోయి ఏమేం నేర్పుతున్నారో అడిగి రండి. వయసు మీరిందనుకునేవాళ్లు కూడా పోయి, సాయంత్రాలు వచ్చి చూసి నేర్చుకునే వీలుందా అని అడగండి. అడగడానికి ఫీజు లేదు.

ఈ ఆదివారం బజారుకు పోయినప్పుడు ఒక మల్టీమీటర్ కొనండి. కొన్ని వందల్లో వస్తుంది. దాంతోపాటు ఒక నోటుబుక్కు. సోమవారం షెడ్డు తెరవగానే వచ్చిన మొదటి బండి బ్యాటరీ ఓల్టేజీ కొలిచి, తేదీ వేసి, మొదటి పేజీలో రాయండి. తర్వాతే పానా పట్టండి.